బెత్లహేములో ఉయ్యాలో

ఆ రోజుల్లో మా మెట్‌పల్లిలో పెద్దవాళ్లు పిల్లల పేరు అడిగేవారు కాదు. "ఎవలి బిడ్డవే?" అని అడిగేవారు. బాపు ఏం పని చేస్తాడో, ఇల్లు ఎక్కడో, ఎవరి ఇంటి పక్కనో అన్నీ చెప్పించుకునేవారు. అంతా విన్నాక అడిగినామె తల ఒక పక్కకు వంచి, "ఆఁ, గా చర్చోళ్లా" అనేది. నేను అంతసేపు చెప్పిందంతా ఆ ఒక్క మాటలో మడిచి పెట్టెలో పెట్టి మూత వేసినట్టుండేది. ఆ మాటలో చెడు ఏమీ లేదు. అన్నామె మరునిమిషంలో నా చేతిలో గుప్పెడు పల్లీలు పోసి పంపేది కూడా. అయినా పన్నెండేళ్ల వయసులో నాకు ఒళ్లు మండేది. నేను ట్రాలీ ఆటో నడిపే ఆయన బిడ్డను, ఏడో తరగతిలో పరుగు పందెం గెలిచినదాన్ని, వాడకట్టు మొత్తంలో పెద్ద గొంతు ఉన్నదాన్ని. వీటిలో ఏదీ ఎవరికీ ఎందుకు గుర్తుకు రాదు? (గొంతు సంగతి గొప్పకు చెప్పడం లేదు. వాడలో నన్ను గంట అని పిలిచేవారు. చర్చి గంట కాదు, బడి గంట. అది ఇంకా మోటుగా మోగేది.)

ఇప్పుడు నేను ఆదిలాబాద్‌లో బడిపిల్లలకు సాంఘిక శాస్త్రం చెబుతుంటాను. మనిషి తానెవరో ఎలా నేర్చుకుంటాడన్న పాఠం వచ్చినప్పుడు కుటుంబం, ఇరుగుపొరుగు, బడి అని బోర్డు మీద రాస్తాను. బోర్డు మీద అదంతా చాలా ప్రశాంతంగా కనిపిస్తుంది. మా ఇంట్లో మాత్రం ఆ చదువు "మనం" అన్న మాటతో మొదలై "వద్దు" అన్న మాటతో ముగిసేది. చదువు చెప్పింది మా బాపమ్మ, అంటే బాపుకు తల్లి. మనం బొట్టు పెట్టుకోం. మనం ప్రసాదం తినం, ఎవరైనా ఇస్తే నవ్వుకుంటూ తీసుకొని పక్కన పెడతాం. మనం ఆదివారం సినిమా చూడం. మనం దసరాకు జమ్మికి పోం. ఇలా వినీ వినీ, ఏమీ చెయ్యని వాళ్లనే క్రైస్తవులంటారని చాలాకాలం అనుకున్నాను. చేసేవి కూడా కొన్ని ఉండేవి, అబద్ధమెందుకు. క్రిస్మస్‌కు కొత్త బట్టలు, ఆదివారం పాటలు, పాస్టరు అయ్యగారు వస్తే కుర్చీ తుడవడం. భాష కూడా ఆదివారానికి వేరేగా ఉండేది. చర్చిలో దేవుడు "వచ్చెను", కృష్ణా జిల్లా నుంచి బదిలీ మీద వచ్చిన అయ్యగారు "వచ్చారు", మా బాపు "వచ్చిండు". ముగ్గురూ వచ్చేది ఒక్క గుమ్మంలోంచే.

మా పక్కిల్లు కండె వాళ్లది. నూలు చుట్టే కండెలాగే సన్నగా ఉంటుందని ఆ పిల్లకు ఆ పేరు. మేమిద్దరం ఒకే బెంచీ, ఒకే జామెట్రీ బాక్సు. వాళ్లింట్లో రెండు సాంచలు (మరమగ్గాలను మా వైపు అలా అంటారు) పొద్దస్తమానం నడిచేవి. ఆ చప్పుడు మీద మాట్లాడీ మాట్లాడీ నా గొంతు అంత పెరిగిందని మా అవ్వ అంటుండేది. (అవ్వ అంటే మా దగ్గర అమ్మ.) కండె వాళ్లమ్మను నేను అత్తా అని పిలిచేదాన్ని. ఆమె నన్ను, కండెను వేరుగా చూసిన గుర్తు లేదు. కోపం వస్తే ఇద్దరి జుట్టూ ఒక్క చేత్తోనే పట్టుకునేది.

ఆ ఏడు బతుకమ్మ రోజులు వచ్చాయి. గునుగు పువ్వు పుట్టుకతో తెలుపు, రంగు మనమే వెయ్యాలి. నూలుకు అద్దే రంగు వాళ్లింట్లో ఉంటుంది కాబట్టి కండె వాళ్ల గునుగుకున్నంత రంగు వాడలో ఇంకెవరి పువ్వులకూ ఉండేది కాదు. రెండు బకెట్లలో గులాబీ, ఆకుపచ్చ కలిపి ఇద్దరం కట్టలు కట్టలుగా ముంచి తీశాం. పువ్వులతో పాటు మేమూ మునిగాం. నూలు రంగు సబ్బుకు పోయేది కాదన్న సంగతి ఇంటికి వచ్చి చేతులు కడుక్కునేటప్పుడు తెలిసింది.

"చేతులేందే గట్లున్నయి?" అంది బాపమ్మ.

"బడిల డ్రాయింగు ఏయించిండ్రు."

"డ్రాయింగు మోచేతుల దాంక ఏయించిండ్రా?"

నేను చేతులు లంగా వెనక దాచుకున్నాను. బాపమ్మ కళ్లజోడు సరిచేసుకొని, "మనం బతుకమ్మ ఆడం" అంది.

"ఎందుకాడం?"

"ఆడం గాబట్టి ఆడం. వాళ్లు వాళ్లు, మనం మనం."

"నేను, కండె ఒక్క బెంచి మీద కూసుంటం. గప్పుడు మనం అంటే ఎవలు?"

ఇరుకున పడ్డప్పుడల్లా బాపమ్మ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకునేది. చాలాసేపు తుడిచింది. అవ్వ నవ్వు ఆపుకుంటూ నాకు కిరసనాయిలు గుడ్డ ఇచ్చింది. బాపు మాత్రం, "పువ్వులకు గుడేంది, చర్చేంది" అని నా వైపే మాట్లాడాడు. కాకపోతే వాకిట్లో ట్రాలీ ఆటో స్టార్ట్ చేసి, ఆ చప్పుడులో, బాపమ్మకు వినపడకుండా మాట్లాడాడు.

మొదటిరోజు సాయంత్రం నేను వెళ్లాను. దాక్కుని వెళ్లలేదు. బాపమ్మ ప్రార్థన కూడికకు పోయినమాట నిజమే కానీ, అవ్వకు చెప్పే, తల దువ్వించుకునే వెళ్లాను. వాడ మధ్యలో ఉన్న ఖాళీ జాగాలో బతుకమ్మలు పేర్చిన తాంబాలాలు వరసగా దించారు. అప్పటికి డీజేలు లేవు, పాట నోటితోనే పాడాలి. మా వాడలో పాట ఎత్తుకునే హక్కు గడప ముసలవ్వది. రోజంతా గడప మీదే కూర్చొని వచ్చేపోయే వాళ్లందరినీ తనిఖీ చేస్తుంది కనుక ఆమెకు ఆ పేరు. నేను కండె చెయ్యి పట్టుకొని గుండ్రంలో నిలబడ్డాను. ముసలవ్వ అందరినీ ఒక చుట్టు చూసి నా దగ్గర ఆగింది.

"గా పోరి మన దాంట్ల ఎందుకే? వాళ్లకు లేదు గదా. జర పక్కకు నిలవెట్టుండ్రి."

గొడవపడే గొంతు కాదు. చెప్పులు పక్కకు పెట్టమన్నట్టు అంది. అత్త తన తాంబాలం కేసి చూస్తూ ఉండిపోయింది. ఆమె పక్కనున్న ఎవరో కండె భుజం పట్టి లాగారు. మా చేతులు విడిపోయాయి. నేను వెళ్లి కరెంటు స్తంభం దగ్గర నిలబడ్డాను. ఇంట్లో "మనం ఆడం" అన్నారు, ఇక్కడ "వాళ్లకు లేదు" అన్నారు. రెండు వైపులా పెద్దవాళ్లు ఎంత చక్కగా ఒకే మాట మీద ఉన్నారో అనిపించింది. ఏడుపు గొంతు దాకా వచ్చింది. అది మామూలు గొంతయితే ఏడ్చేదాన్నేమో. పక్కకు నిలబడమన్నారు కానీ నోరు మూసుకోమనలేదు కదా, అన్న ఆలోచన వచ్చింది.

ముసలవ్వ ఒక వరస పాడి ఊపిరి తీసుకోవడానికి ఆగింది. ఆమె నోరు తెరిచేలోపు నేను స్తంభం దగ్గర్నుంచి ఎత్తుకున్నాను.

"సాంచలే ఆగినయి ఉయ్యాలో, సంబురమె వచ్చింది ఉయ్యాలో."

ఆడవాళ్లు అలవాటు కొద్దీ అందుకున్నారు. పాట ఎక్కడి నుంచి వచ్చిందో చూసుకునే తీరిక ఆ చప్పట్లలో ఎవరికి ఉంటుంది. వాళ్లు అందుకున్నారు కదా అని నేను ఇంకొకటి వదిలాను.

"పక్కకే నిలవెడితె ఉయ్యాలో, పాటనేం జేస్తరు ఉయ్యాలో."

అదీ పాడేశారు. పాడేశాక అర్థమై సగం మంది నవ్వారు, సగం మంది అడుగు తప్పారు. గడప ముసలవ్వ ఆగి, నడుం మీద చెయ్యి పెట్టుకొని నన్ను చూసింది. "అది నోరు గాదే, మైకు" అంది. గుండ్రంలోకి మాత్రం రానివ్వలేదు. చివరిరోజు సద్దుల బతుకమ్మ దాకా ప్రతి సాయంత్రం నేను ఆ స్తంభం దగ్గరికి డ్యూటీకి వెళ్లినట్టు వెళ్లాను. ముసలవ్వ ఒక వరస, నేను ఒక వరస. ఆమె నన్ను రమ్మనలేదు, నేను వెళ్లిపోనూ లేదు. మధ్యలో పడి ఆడవాళ్లు మెడలు రెండు వైపులా తిప్పుకుంటూ పాడారు.

కరెంటు స్తంభం నుంచి చర్చి ఎంతో దూరం కాదు, కబురు చేరిపోయింది. ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారు నన్ను ఉండమన్నారు. పక్కనే కోటు తాత కూర్చున్నాడు. ఆయన సంఘపెద్ద. ఎండాకాలంలో కూడా నల్లకోటు వేసుకునేవాడు. బాపమ్మ గోడవారగా నిలబడింది.

"ఏమ్మా, బతుకమ్మకు వెళ్లావట?" అన్నారు అయ్యగారు మెత్తగా.

"పోయిన."

"వాళ్లు రానిచ్చిండ్రా నిన్ను?" అన్నాడు కోటు తాత.

"రానియ్యలే."

"మరెందుకు వోయినవు?"

"రానియ్యలేదనే పోయిన."

కోటు తాత అయ్యగారి వైపు తిరిగాడు. "చూసిండ్రా అయ్యగారు, గిట్లుంటయి ఇప్పటి పిల్లలు. రేపు చర్చిల ఎవలుంటరు?" అన్నాడు. ఆ గొంతులో కోపమే నాకు వినిపించింది. (ఆయన చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో నీళ్ల బావి దగ్గర ఆయనను కూడా పక్కకు నిలబెట్టేవారట. జీవితంలో మొదటిసారి ఎవరైనా కుర్చీ వేసి కూర్చోమన్నది చర్చిలోనే అట. ఆ కుర్చీ కోసం ఆయన ఆ కోటు వేసుకునేవాడు. ఇది నాకు చాలా ఏళ్లకు తెలిసింది. అప్పుడు తెలిసినా నేను స్తంభం దగ్గరికి వెళ్లేదాన్నే అనుకోండి.)

అయ్యగారు నాకు తిట్టు బదులు పని ఇచ్చారు. "అంత గొంతు ఊరికే పోకూడదు. క్రిస్మస్‌కు పిల్లల పాట నువ్వే నడిపించు" అన్నారు. నేర్పే బాధ్యత వాళ్లావిడది. ఆమెను అందరం అమ్మగారు అనేవాళ్లం. హార్మోనియం ముందు కూర్చొని, ఒక్క వెంట్రుక కూడా చెదరకుండా, చాలా శ్రద్ధగా నేర్పేది. చేతులు వెనక్కి కట్టుకోవాలి. కదలకూడదు. చూపు ఎదుటి గోడ మీద ఉండాలి. "పుట్టిండు కాదమ్మా, పుట్టెను" అని రోజుకు ఎన్నిసార్లు చెప్పేదో. పాట ఎంత నిదానంగా ఉండేదంటే, మేం పాడుతూ బెత్లహేము చేరేసరికి చిన్నపిల్లలు ఆవలించేవారు.

ఒకరోజు పాట నేర్చుకొని వస్తుంటే కండె చర్చి ప్రహరీ గోడ మీద కూర్చొని నా కోసం చూస్తోంది. పాట అంతా విన్నదట. "అయితే మీ దేవునికి పుట్టినప్పుడు ఉయ్యాల ఉండెనా?" అని అడిగింది.

"ఉయ్యాలేడిది. పసుల తొట్టిల పండవెట్టిండ్రు."

కండె ముఖం నిజంగానే చిన్నబోయింది. "అయ్యో పాపం. మరి మీరన్న పాడి ఊపుండ్రి" అంది.

ఆ మాట కండె ఎంత ఆలోచించి అన్నదో తెలియదు కానీ, నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు. మర్నాటి నుంచి మా పిల్లల గుంపు రెండు బళ్లకు పోయింది. మొదట అమ్మగారి దగ్గర చేతులు వెనక్కి కట్టుకొని "పుట్టెను". ఆ తర్వాత ప్రహరీ వెనక, కండె గోడ మీద కాపలా ఉండగా, చేతులు ముందుకు తెచ్చుకొని ఇంకో పాట. వరసలు నేను కట్టేదాన్ని, బాగోలేని వాటిని కండె కొట్టేసేది. మా గుంపులో అందరికంటే చిన్నవాడు అయ్యగారి కొడుకే, బుడ్డోడు, ఐదేళ్లవాడు. వాడికి రెండు పాటలూ కలిసిపోయి, ఒకరోజు హార్మోనియం ముందు చప్పట్లు మొదలుపెట్టాడు. "ఎందుకురా?" అంది అమ్మగారు. వాడు ఒక్క క్షణం ఆలోచించి, "దోమ, అమ్మా" అన్నాడు. దేవుని సేవకుని ఇంట పుట్టినా సమయానికి తగినట్టు మాట్లాడటం తెలిసినవాడని అప్పుడే అనుకున్నాను.

క్రిస్మస్ ఉదయం చర్చి నిండిపోయింది. రంగుకాగితాల తోరణాలు, నక్షత్రం, కొత్త బట్టల వాసన. అత్త, కండె కూడా వచ్చారు. ప్రతి క్రిస్మస్‌కు మా ఇంటికి అన్నానికి వచ్చేవారు కానీ, చర్చి లోపలికి రావడం అదే మొదలు. తలుపు దగ్గర, చెప్పుల పక్కన, ఎటు నిలబడాలో తెలియనట్టు నిలబడ్డారు. వాళ్లను చూసి నాకు కరెంటు స్తంభం గుర్తొచ్చింది. అప్పటిదాకా పాడాలా వద్దా అన్న సందేహం కొంచెం ఉండేది, అది పోయింది.

మొదటి చరణం అమ్మగారు నేర్పినట్టే పాడాం. చేతులు వెనక్కి, చూపు గోడ మీద, "పుట్టెను" అన్నచోట "పుట్టెను" అనే అన్నాం. అమ్మగారి ముఖం వెలిగిపోయింది. రెండో చరణానికి ఆమె హార్మోనియం మీద వేళ్లు పెట్టేలోపు నేను చేతులు ముందుకు తెచ్చి ఒక్క చప్పట కొట్టాను. నా వెనకాల పదిజతల చేతులు కొట్టాయి.

"బెత్లహేము ఊర్ల ఉయ్యాలో, బాలుడే పుట్టిండు ఉయ్యాలో."

పుట్టిండు అన్నదాన్ని కొంచెం గట్టిగానే అన్నాను.

"తొట్టిల పండిండు ఉయ్యాలో, తొట్టెల లేకుండ ఉయ్యాలో."

(తొట్టెల అంటే మా దగ్గర ఉయ్యాల.) హార్మోనియం ఒక స్వరం మీద ఆగి అలాగే మూలిగింది. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాపు మగవాళ్ల వైపు చివరి వరసలో కూర్చొని పైకప్పు దూలాలు లెక్కపెడుతున్నాడు, ఇక్కడ స్టార్ట్ చెయ్యడానికి ఆటో లేదు మరి. కోటు తాత లేచి నిలబడ్డాడు.

"ఆపుండ్రి. గిది చర్చా, వాడకట్టా?"

పిల్లలు ఆగిపోయారు. బుడ్డోడు మాత్రం ఇంకో రెండు చప్పట్లు కొట్టి ఆగాడు. అందరూ నన్నే చూస్తున్నారు. కానీ నా గొంతు చూపులకు ఆగే రకం కాదు.

"బాలుడు పుట్టిండంటిరి గద తాతా. పుట్టిన బాలునికి ఉయ్యాల ఉండదా? అప్పుడైతే ఎవ్వలియ్యలే. ఇప్పుడన్న ఊపుదామంటే వద్దంటరేంది?"

ఆడవాళ్ల వైపు ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నారు. అప్పుడు ముందు వరసలోంచి బాపమ్మ లేచింది. తెల్లచీర, తాడు కట్టిన కళ్లజోడు. చెంప మీద పడబోయే దెబ్బ కోసం నేను ఏ చెంప ముందు పెట్టాలో చూసుకుంటున్నాను. ఆమె నా ముందుకు వచ్చి, కళ్లజోడు తీసి, ఈసారి తుడవకుండా నా చేతిలో పెట్టింది.

"గదేం చప్పట్లే? జొన్నరొట్టె కొట్టినట్టు. వంగి కొట్టాలె, లేసి కొట్టాలె. నిలవడి కొడితే కాదు" అంది.

అని తనే వంగింది. మోకాలి నొప్పి అని మంచం మీది నుంచి లేవడానికి నా భుజం అడిగే మనిషి, నీళ్లలా వంగి, లేచి, చప్పట కొట్టి ఎత్తుకుంది.

"గొల్లలు వచ్చిండ్రు ఉయ్యాలో, గొంగళ్లు కప్పుకొని ఉయ్యాలో."

ఆ వరస నేను కట్టింది కాదు. గోడ వెనక మా పాటలో గొల్లలూ లేరు, గొంగళ్లూ లేవు. అక్కడికక్కడ ఆమె నోటికి వచ్చింది. అంతే, ఆడవాళ్ల చాపలు కదిలాయి. ఒకామె లేచింది, పక్కామె లేచింది, సంకలో పిల్లను పక్కవాళ్లకు ఇచ్చి ఇంకొకామె లేచింది. అందరికీ వచ్చు. అడుగు తెలుసు, వంగడం తెలుసు, ఎక్కడ అందుకోవాలో తెలుసు. నాకు "మనం ఆడం" అని నేర్పిన ఆడవాళ్లందరూ నా కంటే బాగా ఆడుతున్నారు. నాకు సంతోషంతో పాటు కొంచెం కోపం కూడా వచ్చింది, ఇన్నాళ్లూ ఒక్కదాన్నే స్తంభం దగ్గర నిలబెట్టారని.

గుండ్రం తిరుగుతూ తలుపు దగ్గరికి వచ్చినప్పుడు బాపమ్మ ఆగింది. చెప్పుల పక్కన నిలబడ్డ కండెను, అత్తను చూసింది. "మీరేంది, పక్కకు నిలవడ్డరు? రాండ్రి" అని అత్త చెయ్యి పట్టి లోపలికి లాగింది. అత్త ఒక్కసారి నా వైపు చూసి తల దించుకుంది. కండె మాత్రం గోడ మీద కూర్చొని నేర్చుకున్న పాట కాబట్టి మా పిల్లలందరి కంటే తప్పు లేకుండా పాడింది.

పాట అయిపోయాక ఎవరికీ ఏం చెయ్యాలో తెలియలేదు. అయ్యగారు గొంతు సవరించుకున్నారు. "ఈ పాట పుస్తకంలో ఎన్నో నంబరమ్మా?" అని బాపమ్మను అడిగారు. వెక్కిరింపో, నిజంగా అడిగారో ఈ రోజుకీ చెప్పలేను.

"పుస్తకంల లేదయ్యా. నా నోట్ల ఉన్నది" అంది బాపమ్మ, ఆయాసపడుతూ.

"ప్రార్థన చేసుకుందాం" అన్నారు అయ్యగారు. ఆయన చేసిన ప్రార్థనలన్నిటిలో అదే చిన్నది. కోటు తాత అప్పటికే బయటికి వెళ్లిపోయాడు. భోజనాల వేళకు తిరిగి వచ్చి, మా అందరికీ వీపు పెట్టి కూర్చొని, కూరలో ముక్కలు తక్కువ పడ్డాయని మాత్రం అన్నాడు. సంఘం పెద్దలు కూర్చొని నేను ఈస్టరు దాకా పాటల గుంపులో నిలబడకూడదన్నారు. అమ్మగారు కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు ఎవరూ లేనప్పుడు పిలిచి, "అదీ, ఆ పాట ఏ శ్రుతిలో ఎత్తుకున్నావో ఒకసారి పాడి చూపించు" అని హార్మోనియం తెరిచింది. చేతులు వెనక్కి కట్టుకోమనలేదు.

ఆ క్రిస్మస్ మధ్యాహ్నం ఇంటికి వస్తూ బాపమ్మను అడిగాను. "నీకెట్ల వచ్చు?"

"నేనేమన్న గీ కండ్లద్దాలు వెట్టుకొని పుట్టిన్నా? మా ఊర్ల చిన్నప్పుడు మా వాడోళ్లం మేం వేరే ఆడుకునేది. వాళ్ల బతుకమ్మ వాళ్లది, మాది మాది."

"మరెందుకు ఇడిశిపెట్టినవు? ఎవలన్న వద్దన్నరా?"

బాపమ్మ నడక ఆపకుండానే చెప్పింది. "ఎవ్వలు వద్దనలే. చర్చిల గలిసినంక అందరు చూస్తున్నరని నేనే ఇడిశిన. చూసేటోళ్లు పోయిండ్రు, ఇడిశింది అట్లనే ఉన్నది."

మరుసటి ఏడు పువ్వుల రోజులు వచ్చేసరికి అత్త మా ఇంటికి వచ్చింది. నన్ను చూడకుండా బాపమ్మతో, "పోరిని పంపు పెద్దమ్మా" అంది.

"పక్కకు నిలవెట్టెటట్టయితే పంప."

"నా పక్కకే నిలవెట్టుకుంట" అంది అత్త.

నేను ఆ సాయంత్రానికి యుద్ధానికి పోయినట్టు తయారయ్యాను. కొత్త లంగా, రెండు జడలు. గడప ముసలవ్వ ఏమంటే ఏం పాడాలో ముందే వరసలు కట్టి పెట్టుకున్నాను. ఒకదాంట్లో ఆమె గడప ఉంది, ఒకదాంట్లో ఆమె పళ్లు ఉన్నాయి (లేని పళ్లు). అత్త పక్కన గుండ్రంలో నిలబడి ఎదురుచూశాను. ముసలవ్వ నా వైపు చూసింది. నేను గొంతు సర్దుకున్నాను. ఆమె, "జర జరుగుండ్రి, పోరికి జాగియ్యుండ్రి" అని, నన్ను వదిలేసి పాట ఎత్తుకుంది. అంతే. అందరూ వంగారు, నేనూ వంగాను. అందరూ లేచారు, నేనూ లేచాను. నా గొంతు నలభై గొంతుల్లో కలిసి నాకే వినిపించలేదు. ఎవరూ నవ్వలేదు, అడుగు తప్పలేదు, మెడలు తిప్పలేదు. కట్టి పెట్టుకున్న వరసలన్నీ నోట్లోనే ఉండిపోయాయి.

ఇంటికి వచ్చి గోడకు ఆనుకొని కూర్చున్నాను. "ఎట్లయింది?" అంది బాపమ్మ.

"ఏం కాలే."

"ఎవలన్న ఏమన్న అన్నరా?"

"ఎవ్వలేమనలే. అసలు నన్నెవ్వలు చూడనే లేదు."

బాపమ్మ అన్నం గిన్నె దించి నా ముఖంలోకి చూసింది, తర్వాత కళ్ల వెంట నీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఎందుకు నవ్వుతోందో నాకు అర్థం కాక ఇంకా మండిపోయాను. ఇప్పుడూ అప్పుడప్పుడు ఎవరో ఒకరు, బడిలోనో, ఇల్లు అద్దెకు అడగడానికి పోయినచోటో, మీరు ఇటా, అటా అని అడుగుతుంటారు. రెండు వైపులా అని చెప్పి, వాళ్లు నమ్మేదాకా అక్కడే నిలబడటం నాకు అలవాటైపోయింది. అలా నిలబడినప్పుడల్లా గంట అనిపించుకున్న ఆ పిల్ల గుర్తుకొస్తుంది. ఏడాది పాటు ఊరంతటితో పోట్లాడి గుండ్రంలో చోటు సంపాదించుకొని, తీరా సంపాదించాక పోట్లాడటానికి ఎవరూ మిగల్లేదన్న దిగులుతో ఆ పూట అన్నం తినకుండా పడుకుంది.